జయంతి పెట్టిన అభ్యంతరం

అభ్యంతరం చెప్పడానికి వంతులేసుకున్న జట్లు ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో గానీ, అనంతపురం ఊరి బయట ఆ ఎంసీఏ కాలేజీలో మాత్రం ఉండేవి. ఒకటి కాదు, ఉన్న జట్లన్నీ అంతే.

అది రెండు వేల నాలుగు. ఇంద్రాణి మేడమ్ అక్కడ సిస్టమ్స్ అనాలిసిస్ చెప్పేది. సిస్టమ్స్ అనలిస్టు అంటే ప్రోగ్రాములు రాసేవాడు కాదు. ఒక ఆఫీసులోనో, మండీలోనో పని ఎట్లా నడుస్తోందో ముందు అడిగి తెలుసుకుని, అందులో ఏది కంప్యూటర్‌కి అప్పజెప్పాలో తేల్చేవాడు. పుస్తకం బట్టీ పడితే ఆ విద్య రాదని మేడమ్ నమ్మకం. అందుకని ఆమె పాఠం తగ్గించి, పిల్లల్ని నలుగురేసి జట్లుగా కట్టింది. ల్యాబ్‌లో కంప్యూటర్లన్నిటినీ కలిపి ఒక బోర్డు పెట్టింది. జట్టులో ఎవరికి ఏం తోచినా ఆ బోర్డు మీద తన పేరుతో రాయాలి. రాసే ముందు అది ఏ రకమో ఎంచుకోవాలి: ప్రశ్న, ప్రతిపాదన, ఆధారం, అభ్యంతరం. అభ్యంతరం ఎర్రగా పడుతుంది. ఒక్క అభ్యంతరమైనా రాకుండా, వచ్చినదానికి పెట్టినవాళ్లు ఒప్పుకునే జవాబు పడకుండా ఒక దశ ముగిసిందని కంప్యూటర్ ఒప్పుకోదు. పెట్టిన మనిషి తప్ప ఇంకెవరూ దాన్ని తీసెయ్యలేరు. మీలో మీరు వాదులాడుకోకపోతే ఏమీ నేర్చుకోరని మేడమ్ మొదటి రోజే చెప్పింది.

బెంగుళూరులో చదివి వచ్చిన మనిషి, ఆమెకేం తెలుసు. ఈ జిల్లాలో ఎదురు చెప్పడమంటే ఎదురు పార్టీలో చేరడమే. పంచాయితీలో పెద్దమనిషి మాట కాదన్నవాడి చీనీ బత్తాయి చెట్లు తెల్లారేసరికి మొదలంటా నరికి ఉంటాయి. అట్లాంటి ఊళ్లలో పెరిగిన పిల్లల్ని తీసుకొచ్చి, స్నేహితుడి పేరు కింద ఎర్రగా రాయమంటే రాస్తారా? రాయరు. అట్లాగని దశ ముగించకుండా ఉండలేరు. కాబట్టి వంతులు పెట్టుకున్నారు. ఈ వారం అభ్యంతరం నీది, వచ్చే వారం నాది. "అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి" అని ఒకడు పెడతాడు. "పెద్దవి చేశాము" అని ఇంకొకడు జవాబిస్తాడు. దశ ముగిసింది. మేడమ్‌కి ఎర్ర రంగు కనిపించింది, పిల్లలకి ఎవరితోనూ చెడలేదు. అందరికీ సుఖం.

జయంతి ఉన్న జట్టుకి ప్రణీత్ నాయకుడు. ఎవరూ ఎన్నుకోలేదు, అదట్లా అయింది. వాళ్ల నాయన బయ్యన్నకు విడపనకల్లు వైపు బాగా భూములున్నాయి, కాంట్రాక్టులున్నాయి, పార్టీలో మాట చెల్లుతుంది. ప్రణీత్‌కి ఎప్పుడూ వెంట ఉండే తేజ ఒకడు. నాలుగోవాడు తిప్పేష్, గుమ్మఘట్ట దాటిన తరువాత కర్ణాటక ఎల్ల మీదున్న పల్లె వాడు, గొర్రెలు కాచే ఇంటి పిల్లవాడు. తిప్పేష్ బోర్డు మీద అప్పటిదాకా రాసిందల్లా "సరే" అని.

ప్రణీత్ చెడ్డవాడేం కాదు, తెలివైనవాడు. సబ్సిడీ విత్తనం పంపిణీని తమ జట్టు పనిగా ఎంచుకున్నది అతనే. ఏటా జూన్ వస్తే మండల కేంద్రంలో గోదాము ముందర వేరుశెనగ విత్తనం కోసం జనం రోజుల తరబడి పడిగాపులు పడతారు, తోసుకుంటారు, పోలీసులు వస్తారు. అతని ప్రతిపాదన సూటిగా ఉండేది. రైతు పాస్‌బుక్కు ముందే కంప్యూటర్‌లో ఎక్కిస్తే నంబరూ తేదీ వస్తాయి. ఆ తేదీకి రైతు స్వయంగా వచ్చి విత్తనం తీసుకుపోవచ్చు. లైనే ఉండదు. మేడమ్ మెచ్చుకుంది. ప్రణీత్ వాళ్ల నాయన ఒక మండలంలో వ్యవసాయాధికారి నారాయణప్పతో మాట్లాడి ఈ సీజనుకే పెట్టిద్దామన్నాడు. ఆ మండలం రాయదుర్గం అవతల ఉంది, పేరు చెబితే అక్కడివాళ్లకు కోపాలొస్తాయి, వద్దు. జయంతి వాళ్లది ఆ మండలమే.

అందుకే మొదటి దశలో మేడమ్ అడిగిన ప్రశ్న జయంతి వంతుకొచ్చింది. ఇప్పుడు అక్కడ ఎట్లా జరుగుతోంది? జయంతి ఒకే వాక్యం కొట్టింది. రైతులు వరుసలో నిలబడతారు.

అది అబద్ధం. ఆ వరుసలో మనుషులు నిలబడరు, రాళ్లు నిలబడతాయి. ఇంటికొక రాయి. ఎవరి రాయి ఎవరిదో తెలియడానికి ఒకరు గుడ్డపేలిక చుడతారు, ఒకరు సున్నం గీత గీస్తారు. రాయి దొరకనివాడు తెగిన చెప్పు పెడతాడు. వీధికొక్కరు గోడ నీడన కూర్చుని రాళ్లకు కాపలా ఉంటే, మిగతావాళ్లు కూలికి పోతారు. షట్టర్ లేచిందని కబురు వస్తే పరుగెత్తుకొస్తారు. జయంతి పదో తరగతి దాకా జూన్ సెలవుల్లో ఆ నీడన కూర్చుని రాళ్లు కాచిన పిల్లే. అయినా రాయలేదు. రాళ్లు లైన్లో ఉంటాయని కంప్యూటర్ మీద రాస్తే తేజ నవ్వుతాడని రాయలేదు. ఇంకో కారణమేం లేదు.

ఇట్లా ఉండగా మేడమ్ ఒక కబురు తెచ్చింది. బెంగుళూరు కంపెనీ ఒకటి శుక్రవారం వస్తోంది. సిస్టమ్స్ అనలిస్టు ట్రైనింగ్‌కి జీతమిచ్చి తీసుకుపోతారు. అయితే మొదటి దశ ముగించిన జట్ల బోర్డులే చూస్తారు, వాటిలోంచే మనుషుల్ని ఎంచుకుంటారు. జయంతిని పక్కకి పిలిచి, మీ జట్టులోంచి నీ పేరే ముందు చెప్పానని కూడా అంది. జయంతికి ఆ రోజు అన్నం సహించలేదు. ఆ సీటు వస్తే అనలిస్టు. రాకపోతే రాయదుర్గంలో ఏదో ప్రైవేటు స్కూల్లో, కీబోర్డు మీద ఏ అక్షరం ఎక్కడుందో పిల్లలకి చూపించుకుంటూ బతకాలి. ఆమె సీనియర్లలో సగం మంది చేస్తున్నది అదే.

దశ ముగియడానికి ఆ వారం అభ్యంతరం పెట్టాల్సిన వంతు జయంతిదే. ప్రతిపాదనతో పాటు గీసిన బొమ్మలో ఒక బాణం వంకరగా ఉందని పెడితే చాలు, తేజ జవాబు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాడు. సోమవారం పెడదాంలే అని ఆదివారం ఊరికి పోయింది. విత్తనం లారీ వచ్చిందని తెలిసి, బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా గోదాము దగ్గరికే వెళ్లింది.

అమ్మ మారెక్క గోడ నీడన కొంగు నెత్తిన వేసుకుని కూర్చుని ఉంది. ముందు రాళ్ల బారు రోడ్డు దాకా సాగింది. ముందు రోజు సాయంత్రం వాన పడింది, అయితే ఊరంతా కాదు. ఇక్కడి వాన ఒక గట్టు తడిపి ఇంకో గట్టు వదిలేసే రకం. వంక అవతల పల్లెకు దండిగా పడింది. మారెక్క వాళ్ల పొలానికి చుక్క లేదు. వంక అవతలి ఆంజినమ్మ తన వీధి రాళ్లను గంపలో వేసుకుని ముందుకొచ్చింది.

"ఏం మారెక్కా, జరుగు. మాకు పదునైంది. ఎల్లుండికి ఆరిపోతాది."

"నిన్న వానొచ్చినప్పుడే అనుకుంటి, పొద్దున్నే గంపెత్తుకొని దిగుతావని," అంది మారెక్క. "పోయినసారి మాకు పదునైనప్పుడు ఎంత ఏడిపించినావు నువ్వు? కాళ్లు పట్టించుకోలేదొకటే తక్కువ."

"ఏడిపించినా జరిగినా కదా. నువ్వు జరగవా?"

మారెక్క తిట్టుకుంటూనే లేచి, తన వీధి రాళ్లను ఒక్కొక్కటిగా కాలితో వెనక్కి తోసింది. ముందరి జాగా ఆంజినమ్మ రాళ్లకు వదిలింది. ఎవరూ పెద్దరికం చేయలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. మారెక్క మళ్లీ వచ్చి నీడన కూలబడి, ఒక కుక్క ఎవరిదో చెప్పు నోట కరుచుకుంటే దాన్ని అదిలించింది.

జయంతి చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అది. చూడటం వేరు, లెక్కలోకి తీసుకోవడం వేరు. ఆ బారు ముందొచ్చినవాళ్లది ముందు అనే లైను కాదు. ఎవరి నేల తడిసిందో వాళ్లది ముందు. పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, ఉండేది రెండు మూడు రోజులు. ఆ లోపల విత్తనం నేలలో పడాలి, లేకపోతే ఇంకో వాన కోసం మోర ఎత్తుకుని చూడాలి. ప్రణీత్ కంప్యూటర్ వారం ముందే తేదీలు రాసి చేతిలో పెడుతుంది. ఆంజినమ్మకి తడి ఆరిపోయాక తేదీ వస్తుంది. మారెక్కకి ఎండలో గింజలొస్తాయి. ఇంత కథ ఉన్నచోట తను రాసింది ఏమిటి? రైతులు వరుసలో నిలబడతారు!

సోమవారం బాణం వంకర గురించి రాయడానికే కూర్చుంది. నిజంగానే ఆ మాటలు కొట్టింది కూడా. కొట్టి, చూసి, చెరిపేసింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం అప్పటి పద్ధతి. అట్లాగే నిదానంగా కొట్టింది. నేను ఇంతకుముందు రాసింది తప్పు, అక్కడ వరుస వచ్చిన క్రమంలో ఉండదు, వాన పడిన క్రమంలో మారుతుంది, ముందే తేదీ ఇచ్చే పద్ధతి వల్ల పదును పోతుంది, ఈ ప్రతిపాదన ఇట్లాగే పెడితే నష్టం. రకం: అభ్యంతరం. పేరు: జయంతి. ఎర్రగా పడింది.

చుట్టూ ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. కరెంటు పోయి అందరూ బయటికొచ్చాక కాలేజీ ముందరి టీ అంగడి దగ్గర ప్రణీత్ ఎదురొచ్చాడు. వెనక తేజ, కాస్త దూరంగా తిప్పేష్.

"ఏమమ్మా జయంతీ, నీకేం తక్కువ చేసినామని మా మీద పార్టీ కట్టినావు?"

"పార్టీ లేదు, గీర్టీ లేదు. ఆ లైన్లో మనుషులు నిలబడరప్పా. నేను రాసింది తప్పు."

"తప్పు రాసింది నువ్వు. ఎరుపు నా పేరు కిందనా?"

ఆ మాట సూటిగా తగిలింది. అతనన్నది నిజం. ఎరుపు ఇద్దరికీ అని చెప్పింది జయంతి. ప్రణీత్ కోపం తగ్గించుకుని నచ్చజెప్పబోయాడు. రాళ్ల సంగతి రెండో దశలో చూసుకుందాం, ఇప్పటికి తీసెయ్, బాణం గురించి పెట్టు, శుక్రవారం కంపెనీ వస్తోంది, సీటు వచ్చేది నీకే కదా. మా నాయన ఆడ మాటిచ్చేసినాడు, నవ్వులపాలవుతాడని కూడా అన్నాడు. జయంతి ఆలోచిస్తానంది. ఆలోచించింది కూడా. సీటు ఎవరికి చేదు?

బుధవారం బోర్డు తెరిస్తే ఆమె అభ్యంతరం కింద ఇంకో ఎరుపు ఉంది. తిప్పేష్ పెట్టింది. "సరే" తప్ప ఏమీ రాయని తిప్పేష్ ఈసారి అరపేజీ రాశాడు. జూన్‌లో వాళ్ల నాయన ఓబుళేసు గొర్రెలు తోలుకుని ఎల్ల దాటి పోయి ఉంటాడు. ఇంటిల్లిపాదీ మంద వెంటే. రాయి పెట్టడానికి ఊళ్లో మనిషి ఉండడు. తిరిగొచ్చేసరికి బారు చివర కూడా చోటు దొరకదు, మిగిలేది పుచ్చుగింజలు. రాళ్ల లైను ఊళ్లో కూర్చోగలిగినవాళ్లది, మా మాదిరి తిరిగేవాళ్లది కాదు, మాకు నంబరే మేలు అని రాశాడు.

జయంతికి ఒళ్లు మండింది. లేచి పోయి అతని కుర్చీ దగ్గర నిలబడింది.

"ప్రణీత్ రాయమన్నాడా?"

తిప్పేష్ తెరమీద నుంచి కళ్లు తిప్పలేదు. "నువ్వు ఎదురు చెప్తే తెలివి, నేను చెప్తే ఎవడో చెప్పించినాడా? నాకు నోరు లేదా?"

జయంతి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ప్రణీత్ తనను అన్న మాటే ఇప్పుడు తను ఇంకొకరిని అంది. ఎంత చదివినా ఎర్ర గీత కనబడగానే ఎవరి పార్టీ అని వెతికే బుద్ధి పోలేదు, అంతే సంగతి. తిప్పేష్ రాసింది మళ్లీ మొదటి నుంచి చదివింది. కాదనడానికి అందులో ఒక్క ముక్క దొరకలేదు. రాళ్లని ఉంచితే తిప్పేష్ ఇల్లు మునుగుతుంది, తేదీలు పెడితే ఆంజినమ్మ ఊరు మునుగుతుంది. జవాబు లేని రెండు అభ్యంతరాలు ఒకదాని కింద ఒకటి కూర్చున్నాయి. దశ ముగిసే మాటే లేదు.

గురువారం మేడమ్ దగ్గరికి పోయి కంపెనీ వాళ్లని ఇంకో వారం ఆగమనగలరా అని అడిగింది. మేడమ్ అలసిపోయి ఉంది. తేదీ తన చేతిలో లేదంది. కావాలంటే నువ్వూ తిప్పేషూ తీసేసి, తరువాత మళ్లీ పెట్టుకోండి, తప్పేం లేదు, మార్కులు తగ్గించనని కూడా అంది. తన జట్లన్నీ ముగించాయని చూపించుకోవాలని ఆమెకూ ఉంది మరి. తిప్పేష్‌ని అడిగితే నువ్వు తీస్తే నేనూ తీస్తానన్నాడు. అంటే భారమంతా తిరిగి జయంతి మీదకే వచ్చింది.

మధ్యాహ్నం ల్యాబ్‌లో తీసెయ్యడానికి కూర్చుంది. తీసెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది. తీసేసి బాణం సంగతి పెడితే రేపు దశ ముగుస్తుంది. ముగిసిన దశని ఇంకెవడూ తెరిచి చూడడు. ప్రణీత్ వాళ్ల నాయన ఆ ముగిసిన కాగితాన్ని తీసుకుపోయి నారాయణప్ప బల్ల మీద పెడతాడు. తరువాత మళ్లీ పెట్టుకోవడం అనేది ఉత్త మాట, మేడమ్‌కీ తెలుసు. వద్దు అని నొక్కి లేచిపోయింది. పెద్ద ధైర్యమేం కాదు. 

శుక్రవారం కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. ముగించిన జట్ల బోర్డులు చూశారు. ప్రణీత్ జట్టుది తెరవలేదు. సినిమా హాలు టికెట్ల పద్ధతి రాసిన జట్టులోంచి ఇద్దరిని తీసుకున్నారు. ఆ జట్టు బోర్డు మీద ఉన్న అభ్యంతరం ఒక్కటే, కంప్యూటర్ తెర మీద రంగు మరీ ముదురుగా ఉందని. వాళ్లలో ఒకమ్మాయి ఆశ్రిత, హాస్టల్లో జయంతి గదిలోనే ఉండేది. సంతోషంగా పెట్టె సర్దుకుంటుంటే జయంతి బట్టలు మడిచి ఇచ్చింది. సీటు పోయింది. ఇంక దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ప్రణీత్ మాట్లాడటం మానేశాడు. పిల్లలు ఇంకా కొట్లాడుకుంటున్నారని చెప్పి వాళ్ల నాయన మండలంలో పెట్టించే పని ఆపేశాడు, అది మాత్రం జరిగింది. తరువాతి వారం ఒక మధ్యాహ్నం బోర్డు మీద కొత్త ఎరుపు పడింది. పేరు ప్రణీత్. తిట్లేం లేవు. ఒకే ప్రశ్న లాంటి అభ్యంతరం: వాన పడినవాళ్లు ముందు అంటే, పడకుండానే పడిందని చెప్పేవాళ్లని ఎవరు పట్టుకుంటారు?

జయంతి దాన్ని రెండుసార్లు చదివింది. మంచి ప్రశ్న. తనకే రావాల్సింది.  కాలేజీ గేటు దగ్గర ఫోను బూత్ నుంచి ఊళ్లో ఇంటి పక్క అంగడికి ఫోను చేసి అమ్మని పిలిపించింది.

"అట్ల అబద్ధం చెప్పేవాళ్లు ఉండారామ్మా?"

"ఉండక?" అంది మారెక్క. "పోయినేడు నేనే చెప్పినా."

"నువ్వా?"

"చుక్క పళ్లేదు పాపా. పడిందని చెప్పి ముందుకు జరిగినా. మీ నాయన బళ్లారి పక్క పనికి పోయినాడు, నేను కూలి మానుకొని ఎన్ని దినాలు ఆ గోడ కింద కూచోవాల? ఆంజినమ్మకు అనుమానమొచ్చింది గానీ మా చేనుకు వచ్చి చూసేదానికి దానికి కాళ్లు రాలా." అట్లా చెప్పి, నవ్వి, నెల చివర వస్తావా రావా అని అడిగి పెట్టేసింది.

జయంతి ల్యాబ్‌కి వచ్చేసరికి కరెంటు ఉంది. రాయకుండా ఉంటే అడిగేవాడు లేడు. సీటు పోగొట్టుకుని నిలబెట్టిన మాట అది, దాన్ని తన చేత్తోనే సగం విరవాలి, పైగా కన్నతల్లి పేరు పెట్టి. విసురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రణీత్ అభ్యంతరం కింద కొట్టింది. నిజమే, అబద్ధం చెప్తారు. పోయిన సంవత్సరం మా అమ్మ మారెక్క చెప్పింది, ఎవరూ పట్టుకోలేదు. రకం: ఆధారం.

రెండు వరసల అవతల ప్రణీత్ తెర చూస్తున్నాడు. కాసేపటికి లేచి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. అన్ని రోజుల తరువాత అదే మొదటి మాట.

"మీ అమ్మ పేరు ఎందుకు రాసినావు?"

"పేరు లేకపోతే ఆధారం ఎట్లయితాది?"

 అతను కుర్చీ వీపు మీద చేయి వేసి కిందికి వంగాడు.

"అట్లయితే మా నాయన పేరూ రాయాల," అన్నాడు గొంతు తగ్గించి. "మాకు లైనూ లేదు, రాయీ లేదు. గోదాము వెనక పక్క ఇంకో షట్టర్ ఉండాది."

రాయమని జయంతి అనలేదు, వద్దనీ అనలేదు. అతని నాయన, అతని ఇష్టం. ప్రణీత్ పోయి తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ల్యాబ్ మూసే వేళయినా అతని తెర మీద పేరు, రకం తప్ప కింద ఏమీ పడలేదు.

మరునాడు పొద్దున జయంతి వచ్చి బోర్డు తెరిచింది. ప్రణీత్ పేరుతో ఆధారం ఉంది. వెనక షట్టర్ గురించి, బయ్యన్న పేరుతో సహా, రెండే వాక్యాలు. దాని కింద తిప్పేష్ అప్పుడే ఎర్రగా పెట్టేసి ఉన్నాడు: రెండు వాక్యాలు చాలవన్నా, ఎన్ని మూటలో కూడా రాయి.